చుట్టుకొలత ఒక మీటరు దాటితే

సింగపూర్ అయిదు డాలర్ల నోటు వెనకవైపు ఒక చెట్టు బొమ్మ ఉంది. చిత్రకారుడు ఊహించి గీసిన చెట్టు కాదది. బొటానిక్ గార్డెన్స్‌లో ఒక పచ్చిక బయలు మీద ఈ రోజుకీ నిలబడి ఉంది. పేరు టెంబుసు. ఊరు చూడవచ్చిన చుట్టాన్ని ముందు మెరీనా బే వైపు తిప్పడం అక్కడి మనవాళ్ల ఆనవాయితీ. నేను మాత్రం మా పిన్ని కూతుర్ని ఆ చెట్టు దగ్గరికే ముందు తీసుకెళ్లమన్నాను. ఆమె పదిహేనేళ్లుగా అక్కడే ఉంటోంది. "చెట్టు చూడ్డానికి ఇంత దూరం వచ్చావా అన్నయ్యా" అంటూనే పొద్దున్నే బయల్దేరదీసింది, ఎండ ముదరకముందే వెళ్దామని.

చెట్టు ముందు నిలబడి నోటు తీసి పోల్చి చూశాం. నోటు మీద కనిపించే ఆ కొమ్మే అందరినీ ఆపేది. మొదలు నుంచి పక్కకు సాగి, నేలకు సమాంతరంగా, మనిషి ఎక్కి కూర్చునేంత ఎత్తులో చాలా దూరం వెళ్లి, చివర్న పైకి లేస్తుంది. ఒకప్పుడు పిల్లలు దాని మీదెక్కి ఆడుకునేవారు. కొత్త దంపతులు ఆనుకుని ఫొటోలు దిగేవారు. ఇప్పుడు చుట్టూ కంచె కట్టారు. కొమ్మ మీద బరువు పడకూడదన్నది ఒక కారణం. నేలను తొక్కకూడదన్నది అంతకన్నా పెద్ద కారణం. రోజూ వందల పాదాలు పడితే మొదలు దగ్గర మట్టి బిగిసిపోతుంది, వేళ్లకు గాలీ నీళ్లూ అందవు. పాత చెట్లకు చావు ఎక్కువగా కిందనుంచే మొదలవుతుంది, పైన ఆకు రాలేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

1859లో ఈ తోట పెట్టేనాటికే ఈ టెంబుసు ఇక్కడ ఉందని చెబుతారు. తోట చరిత్ర కూడా చిన్నదేం కాదు. 1877లో ఇక్కడికి రబ్బరు మొక్కలు వచ్చాయి. 1888 నుంచి 1911 దాకా తోట బాధ్యత చూసిన హెన్రీ రిడ్లీ, చెట్టు ప్రాణం తీయకుండా బెరడు మీద గాట్లు పెట్టి మళ్లీ మళ్లీ పాలు తీసే పద్ధతిని రూపొందించాడు. మలయా రబ్బరు తోటలన్నీ దాని మీదే లేచాయి. ఆ తోటల్లో కూలికి వచ్చినవాళ్లలో మన కోస్తా జిల్లాలవాళ్లూ ఉన్నారు. 2015లో యునెస్కో ఈ తోటను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తోట మధ్యలో సుమారు 6 హెక్టార్ల అడవి ముక్క ఉంది, ఎవరూ నాటనిది, ఊరు పుట్టకముందు దీవంతా ఎలా ఉండేదో చెప్పే ముక్క. అక్కడ చెక్కల బాట మీద నడుస్తుంటే కొమ్మల్లోంచి వెలుగు నేల దాకా దిగదు. నాలుగడుగుల అవతల ఆర్చర్డ్ రోడ్డు షాపింగ్ మాల్స్ ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు.

ఇదే తోటలో 2017 ఫిబ్రవరి 11న ఇంకో టెంబుసు కూలింది. దాని వయసు 270 ఏళ్లకు పైనే, ఎత్తు 40 మీటర్లు. అది కూడా అధికారికంగా వారసత్వ వృక్షమే. శనివారం సాయంత్రం, జనం తిరుగుతున్న వేళ. భర్తతో, ఇద్దరు చిన్న పిల్లలతో వచ్చిన ఒక భారతీయ మహిళ దాని కింద పడి చనిపోయింది. ఆమెకు 38 ఏళ్లు. ఆ చెట్టును ఏడాదికి రెండుసార్లు పరీక్షించేవారు. అంతకుముందు సెప్టెంబర్‌లో చూసినప్పుడు ఆరోగ్యంగానే ఉందని రాసుకున్నారు. వేళ్లలో మొదలైన కుళ్లు పైకి కనిపించలేదు.

ఈ సంగతి చెల్లెలు చెబుతుంటే నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. పెద్ద చెట్లను ఉంచాలి, ఉంచాలి అని రాసే నాబోటివాళ్లు ఈ మరణాన్ని దాటేసి ముందుకు పోకూడదు. పాత చెట్టును నగరంలో ఉంచుకోవడమంటే దాని బరువును కూడా నెత్తిన పెట్టుకోవడమే. అది నీడతో పాటు భయాన్నీ ఇస్తుంది. ఆ ఘటన తర్వాత తోటలోని పాత టెంబుసులన్నిటినీ కొట్టేయమని ఎవరైనా అడిగి ఉంటే దాన్ని అర్థం చేసుకోవచ్చు. వాళ్లు కొట్టలేదు. పరీక్షలు పెంచారు. నోటు మీది చెట్టు ఇంకా నిలబడే ఉంది.

మాది విశాఖపట్నం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల గాలితో మా ఊరి మీద పడి వెళ్లాక బయటికొస్తే ఊరు పోల్చుకోలేకపోయాం. నిద్రగన్నేర్లు, తురాయిలు, అశోకాలు రోడ్లకు అడ్డంగా పడి ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో ఎండ అంత దూరం కనబడటం అదే మొదటిసారి. అయితే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ తర్వాతి నెలల్లో జరిగింది. పడని చెట్లను కూడా 'ఎప్పుడైనా పడొచ్చు' అని చాలామంది తమ ప్రహరీల్లోంచి కొట్టించేశారు. ఏ చెట్టు పడుతుందో, ఏది నిలుస్తుందో చెప్పే మనిషి ఊళ్లో ఒక్కడు దొరకలేదు. చెప్పేవాడు లేని చోట గొడ్డలివాడి మాటే చెల్లుతుంది.

సింగపూర్‌లో ఆ చెప్పే మనిషిని ఒక మధ్యాహ్నం బుకిత్ తిమా వైపు రోడ్డు పక్కన చూశాను. తలకు హెల్మెట్, చేతిలో రబ్బరు సుత్తి. ఒక నిద్రగన్నేరు చుట్టూ తిరుగుతూ, మొదలు మీద జానెడు జానెడు దూరంలో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. గట్టి చెక్క ఒక రకంగా పలుకుతుంది, లోపల డొల్ల ఉంటే ఇంకో రకంగా. మా అమ్మమ్మ మామిడికాయల జాడీ కొనేటప్పుడు వేలితో తట్టి చూసేది, అచ్చం అలాగే. అనుమానం వస్తే మొదలు చుట్టూ సెన్సర్లు బిగించి, శబ్దం చెక్కలోంచి ఎంత వేగంగా ప్రయాణించిందో కొలిచి లోపలి కుళ్లును బొమ్మగా తీస్తారు. సన్నని సూదిలాంటి డ్రిల్లును లోపలికి దించి ఎక్కడ మెత్తగా దిగిందో చూసే పరికరం కూడా ఉంది. ఇంత చూశాక కొమ్మ తీయాలా, పైగుబురు బరువు తగ్గించాలా, పూర్తిగా తొలగించాలా అన్నది నిర్ణయిస్తారు. తొలగించడం కూడా వాళ్ల పనిలో భాగమే, అందులో దాపరికం లేదు.

ఈ పని చేసేది నేషనల్ పార్క్స్ బోర్డు. జనం ఎన్‌పార్క్స్ అంటారు. ఈ దీవికి మన వైపు తుఫాన్లు రావు, కానీ 'సుమత్రా' అని పిలిచే ఈదురుగాలులు ఎక్కువగా తెల్లవారుజామున పడమటి నుంచి విరుచుకుపడతాయి. 2024 సెప్టెంబర్ 17న వచ్చిన అలాంటి గాలికి 300కి పైగా చెట్లు కూలడమో కొమ్మలు విరగడమో జరిగింది. మా చెల్లెలి భర్త అప్పుడు ఆఫీసు నుంచి ఇంటికి రావడానికి పట్టిన సమయం గురించి ఇప్పటికీ చెబుతాడు. చెట్ల మీద కోపంతో మాత్రం చెప్పడు.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే తూర్పు తీరపు రోడ్డుకు రెండు వైపులా నిద్రగన్నేర్లే. నీడ గొడుగుల్లా కాకుండా కప్పులా కలిసిపోయి ఉంటుంది. కొమ్మల మీద పక్షిగూడు ఫెర్నులు పెద్ద పెద్ద గుత్తులుగా కూర్చుని ఉంటాయి, వాటిని పీకి శుభ్రం చేయరు, అలాగే ఉంచుతారు. నిద్రగన్నేరు దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు. సింగపూర్‌కు 1876లో వచ్చిందంటారు. మన హైదరాబాదులో, విశాఖలో పాత రోడ్ల పక్కన కూడా తెల్లవాళ్ల కాలం నుంచీ ఉన్నది ఇదే. చెట్టు ఒకటే, నేల కింద అది పొందే చోటే వేరు. మన దగ్గర ఫుట్‌పాత్ టైల్సు మొదలును ఒరుసుకుని పరుస్తారు. పైన కరెంటు తీగలు ఉంటాయి కనుక వర్షాకాలానికి ముందు లైన్‌మెన్ వచ్చి నడినెత్తిన కొట్టేస్తారు, చెట్టు ఒకవైపే పెరిగి ఒకవైపే ఒరుగుతుంది. అది గాలికి పడితే చెట్టుదే తప్పంటాం. సింగపూర్‌లో తీగలు భూమిలో ఉన్నాయి. రోడ్డు నక్షా గీసేటప్పుడే పక్కన చెట్లకు ఒక పట్టీ వదలాలి. ఆ పట్టీని తర్వాత ఎవరూ పార్కింగుకు తీసుకోలేరు.

ఇదంతా మొదటి రోజు నుంచీ ఉన్నది కాదు. 1963 జూన్ 16న ప్రధాని లీ క్వాన్ యూ ఫారర్ సర్కస్ దగ్గర ఒక మెంపాట్ మొక్క నాటి చెట్ల పెంపకం ఉద్యమాన్ని మొదలుపెట్టాడు. లేత గులాబీ పూలు పూసే స్థానిక చెట్టది. 1967లో 'తోట నగరం' అన్న లక్ష్యాన్ని ప్రకటించారు. 1971 నవంబర్ నుంచి ఏటా చెట్లు నాటే రోజు జరుపుతున్నారు. అప్పట్లో తొందర ఉండేది, నీడ వెంటనే కావాలి. అందుకే ఆంగ్సానా అనే చెట్టు పెద్ద కొమ్మలను నరికి, నేరుగా పాతేవారు. వేళ్లు పట్టుకుని రెండు మూడేళ్లలోనే గుబురయ్యేవి. ఆంగ్సానా మన శేషాచలం ఎర్రచందనానికి, వేగిసకు ఒకే కుటుంబంలోని చెల్లెలు. పసుపు పూలు ఒక్కసారిగా పూసి ఒక్కసారిగా రాలి రోడ్డంతా పరుచుకుంటాయి. వాటికి తర్వాత తెగులు సోకి చాలా పోయాయి. ఒకే జాతిని నగరమంతా నాటితే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది.

1975లో పార్కులు, చెట్ల చట్టం వచ్చింది. ఇల్లు కట్టినా రోడ్డు వేసినా పచ్చదనానికి చోటు వదలాలని అది ప్రభుత్వ శాఖలకు కూడా నిబంధన పెట్టింది. నా దృష్టిలో అసలు మలుపు అంతకన్నా ఆలస్యంగా వచ్చింది. దాదాపు ముప్ఫై ఏళ్లు నాటుతూ పోయాక, నాటిన మొక్కలు పాత చెట్లకు బదులు కావని ఆ నగరం ఒప్పుకుంది. 1991లో రెండు ప్రాంతాలను వృక్ష సంరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. ఒకటి టాంగ్లిన్, బుకిత్ తిమా వైపు, రెండోది తూర్పు కొసన చాంగి. ఆ ప్రాంతాల్లో, నేల నుంచి అర మీటరు ఎత్తులో కొలిస్తే చుట్టుకొలత ఒక మీటరు దాటిన ఏ చెట్టునూ అనుమతి లేకుండా నరకకూడదు. అది మీ సొంత పెరట్లో ఉన్నా సరే. దొరికితే జరిమానా 50,000 డాలర్ల దాకా వెళ్తుంది. 2001 ఆగస్టులో వారసత్వ వృక్షాల పథకం వచ్చింది. 5 మీటర్లకు మించిన చుట్టుకొలత ఉన్నవి, లేదా అరుదైనవి, చరిత్ర ఉన్నవి అందులోకి వస్తాయి. ఎవరైనా పేరు ప్రతిపాదించవచ్చు. ఇప్పుడు ఆ జాబితాలో 250కి పైగా చెట్లున్నాయి. పక్కన బోర్డు ఉంటుంది, చాలావాటికి పిడుగు తీగ కూడా బిగించి ఉంటుంది. మౌంట్ ప్లెజంట్, ఆర్కేడియా, మాండాయి, లిమ్ చు కాంగ్, సౌత్ బోనా విస్టా అనే అయిదు రోడ్లను వారసత్వ రోడ్లుగా ప్రకటించి, రెండు వైపులా 10 మీటర్ల పచ్చని పట్టీని ముట్టుకోకుండా చేశారు.

మౌంట్ ప్లెజంట్ రోడ్డు మీద ఒక సాయంత్రం నడిచాం. పాత బంగళాలు, వాటి మీదకి వంగిన నిద్రగన్నేర్లు, వేళ్లు నేల మీదికి తేలి ఎత్తుగా నిలిచినచోట తారు రోడ్డే కాస్త పక్కకు జరిగి వెళ్లడం. అక్కడ ఆగి చాలాసేపు చూశాను. చెట్టు కోసం రోడ్డు వంగిన చోటును నేనంతకుముందు ఎరగను.

మా మేనకోడలు ఫోనులో చెట్ల మ్యాప్ తెరిచింది. 2018 నుంచి ఎన్‌పార్క్స్ దీన్ని అందరికీ అందుబాటులో ఉంచింది. 5 లక్షలకు పైగా చెట్లు అందులో ఒక్కొక్క చుక్కగా ఉన్నాయి. మా ఎదుట ఉన్న చెట్టు చుక్కను నొక్కితే జాతి పేరు, చుట్టుకొలత వచ్చాయి. ఆ పిల్లకు పదిహేనేళ్లు. ఇంటి నుంచి స్కూలు దాకా దారిలో ఉన్న చెట్ల పేర్లన్నీ చెప్పగలదు. నాకు మాత్రం ఆ చుక్కలు చూస్తుంటే మన తెలంగాణ హరితహారం గుర్తొచ్చింది. 2015 జూలైలో మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకున్నారు. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలన్నారు. మంచి సంకల్పమే, రోడ్ల పక్కన దాని ఫలం కనిపిస్తూనే ఉంది. కానీ నాటిన మొక్కల అంకె ప్రతి బోర్డు మీదా చదివాను. అంతకుముందే ఉన్న మహావృక్షాల అంకె నాకు ఏ బోర్డు మీదా దొరకలేదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం మనకూ అనుమతి లేకుండా చెట్టు నరకకూడదు. చట్టం ఉంది, ఆ చెట్టు ఫలానా చోట ఫలానా కొలతతో ఉందన్న చిట్టా లేదు. లేని చిట్టాలోంచి ఒక పేరు మాయమైతే ఎవరికీ తెలియదు.

చాంగిలో ఒక చెట్టు పోయినప్పుడు ఊరంతటికీ తెలిసింది. అక్కడి కథలు నన్ను చాలా కట్టిపడేశాయి. 1942 దాకా చాంగి కొసన అడవి మీదుగా ఆకాశంలోకి లేచిన ఒక మహావృక్షం ఉండేదట. దాదాపు 76 మీటర్లు. సముద్రంలోంచి వచ్చే ఓడలకు అది గుర్తు. జపాన్ సేనలు దాన్ని గురి చూసుకోవడానికి వాడుకుంటాయని బ్రిటిషువాళ్లే కొట్టేశారు. దాని తర్వాత అరవై ఏళ్లకు, 2002లో, చాంగిలోనే హాల్టన్ రోడ్డు దగ్గర చెంగల్ పసిర్ జాతికి చెందిన సుమారు 150 ఏళ్ల చెట్టును అనుమతి లేకుండా నరికేశారు. దేశంలో ఆ జాతికి మిగిలింది బహుశా అదొక్కటేనని అప్పట్లో అనుకున్నారు. నరికించిన సంస్థ కోర్టుకెక్కాల్సి వచ్చింది, జరిమానాతో పాటు పరిహారమూ కట్టింది. ఆ దుంగలను పారేయకుండా శిల్పులకు ఇచ్చి చెక్కించారు. పత్రికలు రోజుల తరబడి రాశాయి. ఒక చెట్టు పోయిందన్న వార్తకు ఒక దేశం అంతగా చలించిందంటే, అంతకుముందు దాని పేరు ఎక్కడో రాసి ఉండటం వల్లేనని నాకనిపిస్తుంది.

ఆదివారం పొద్దున సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. మన తెలుగువాళ్లు చాలామంది కలిసే చోటు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వాళ్లు ఇద్దరు ముగ్గురు పలకరించారు. మాటల్లో ఉగాది వచ్చింది. రోడ్ల పక్కన వేపచెట్లు ఉన్నాయి, పూతా వస్తుంది, కానీ అక్కడ ఒక రెమ్మ తుంచకూడదు. పచ్చడికి పువ్వు కావాలంటే లిటిల్ ఇండియా బజారులో కొనుక్కోవాల్సిందే. ఒక పెద్దావిడ మొదట్లో ఈ నియమానికి ఎంత మండిపడిందో చెప్పింది. "మన ఊళ్లో వేపచెట్టు అందరిదీ కదా బాబూ, ఇక్కడ సర్కారుదట" అంది. కాసేపాగి, "అందరూ తలో రెమ్మా విరిస్తే మిగలదులే" అని తనే అంది. ఆవిడ మాటలోని రెండు సగాలూ నాకు నిజమనిపించాయి. చెట్టును ముట్టుకోనివ్వని నగరంలో చెట్టుతో చుట్టరికం ఎలా పుడుతుంది? మన పల్లెల్లో రావికీ వేపకూ పెళ్లి చేస్తారు, మొదలుకు పసుపు పూస్తారు, ఆ చుట్టరికమే వాటిని శతాబ్దాలు నిలబెట్టింది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును ఏ చట్టం కాపాడింది? మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందెక్కించి బతికించుకున్నాం. చేతకాక కాదు, ప్రేమ లేక కాదు. మన ప్రేమ గుడి పక్క చెట్టు దాకా వెళ్తుంది, రోడ్డు పక్క చెట్టు దాకా రావడం లేదు.

రోడ్డు పక్క చెట్టంటే నా మనసులో ఉన్నది చేవెళ్ల. హైదరాబాద్ శివార్లలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దాదాపు 900 మర్రిచెట్లు. బీజాపూర్ పోయే దారి. దాన్ని వెడల్పు చేయాలన్న ప్రతిపాదన రాగానే చెట్ల ప్రేమికులు కదిలారు, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్లు నడిచింది. ఆ ఏళ్లన్నీ జనం ఇరుకు రోడ్డు మీదే తిరిగారు. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని సుమారు 20 మంది చనిపోయారు. ఆ దారిలో కొడుకునో కూతురునో పోగొట్టుకున్నవాళ్ల ఎదుట నిలబడి మర్రిచెట్ల గురించి మాట్లాడటం ఎవరివల్లా కాదు. మాట్లాడాల్సింది అంతకు చాలా ముందు. మొదటి నక్షా కాగితం మీద గీసిన రోజున ప్రతి మర్రికీ ఒక చుక్క ఉండి, దాని చుట్టుకొలత పక్కన రాసి ఉండి, రోడ్డు ఎక్కడ చీలి రెండు పాయలుగా పోవాలో అప్పుడే గీసి ఉంటే చెట్టుకూ ప్రాణానికీ పోటీ వచ్చేది కాదు. మధ్యలో చెట్ల వరసను ఉంచి ఇరువైపులా రోడ్డు వేయడం కొత్త విద్యేం కాదు. ఆలస్యంగా చేసిన రక్షణ చెట్టుకూ మేలు చేయదు, మనిషికీ మేలు చేయదు. కోర్టు మెట్లు ఎక్కాక మిగిలేది గెలుపోటములే.

సింగపూర్ కూడా ఈ పాఠం ఖరీదు పెట్టే నేర్చుకుంది. 1986లో బుకిత్ తిమా ఎక్స్‌ప్రెస్‌వే వేసినప్పుడు దీవి నడిబొడ్డున ఉన్న అడవి రెండు ముక్కలైంది. బుకిత్ తిమా ఒకవైపు, మధ్య జలాశయాల అడవి ఇంకోవైపు. జంతువులు రోడ్డు దాటబోయి చచ్చిపోయేవి. 2013లో ఆ రోడ్డు మీదుగా సుమారు 60 మీటర్ల పొడవున ఒక మట్టి వంతెన కట్టి, పైన చెట్లు నాటారు. మనుషులకు ప్రవేశం లేదు. అలుగులు దాని మీదుగా దాటుతున్నట్టు కెమెరాల్లో కనిపించింది. ఆ తర్వాత కొత్త మెట్రో లైను ఆ అడవి కిందుగా వెళ్లాలా, చుట్టూ తిరగాలా అన్న చర్చ ఏళ్లు నడిచింది. 2019లో కిందుగానే అని తేల్చారు, అయితే 70 మీటర్ల లోతున. ముప్ఫై మూడేళ్లలో రోడ్డు అడవి మీంచి అడవి కిందికి దిగింది. పర్యావరణవేత్తలు కొందరు ఆ నిర్ణయంతోనూ తృప్తి పడలేదు. పడకపోవడం మంచిదే.

ఇంతవరకూ మెచ్చుకున్నాను కనుక, మెచ్చుకోలేనిది కూడా చెప్పాలి. మా చెల్లెలి కుటుంబం చాలాకాలం క్లెమెంటిలో ఉండి, ఇటీవల టెంగాలో కొత్త ఫ్లాటులోకి మారింది. పడమటి వైపు సుమారు 700 హెక్టార్ల కొత్త పట్టణమది. 42,000 ఇళ్లు వస్తాయి. 'అడవి పట్టణం' అని పేరు. 2018లో మొదటి ఇళ్లు అమ్మకానికి పెట్టేదాకా అక్కడ నిజంగానే అడవి ఉండేది. ఒకప్పటి పల్లెలూ ఇటుక బట్టీలూ ఖాళీ అయ్యాక, సైనిక శిక్షణకు మాత్రమే వాడటంతో తనంతట తాను పెరిగిన అడవి. దాన్ని చాలావరకు కొట్టి, 100 మీటర్ల వెడల్పు, 5 కిలోమీటర్ల పొడవున్న ఒక అడవి బాటను మాత్రం పట్టణం పొడవునా పెంచుతున్నారు. ఆ బాట వెంట నడిచాను. కర్రలు పాతి కట్టిన మొక్కలు, మధ్యమధ్య పాత చెట్లు కొన్ని. ఇరవై ఏళ్లకు బాగుంటుందేమో. కానీ పోయినదానికి అది బదులు కాదు, ఈ దేశమే 1991లో ఒప్పుకున్న మాట ఇది. ఒక్కొక్క చెట్టునైతే మొదలుకు టేపు చుట్టి కొలిచి చట్టంలో పెట్టారు. అడవికి టేపు ఎక్కడ చుడతారు? అందులో మీటరుకు తక్కువ చుట్టుకొలత ఉన్నవే వేలు. కీటకాలు, తీగలు, కుళ్లుతున్న దుంగలు ఏ కొలతకూ అందవు. 2021 ఫిబ్రవరిలో క్రాంజీ దగ్గర ఒక అడవి ముక్కను పర్యావరణ అధ్యయనం పూర్తికాకముందే కొంత నరికేశారని బయటపడి పెద్ద గొడవైంది. అంత కట్టుదిట్టం ఉన్నచోట కూడా అడవి విషయంలో యంత్రాంగం జారింది.

అదే ఏడాది క్లెమెంటి పక్కన డోవర్ అడవి గురించి ఊరంతా మాట్లాడుకుంది. 33 హెక్టార్లు. పాడుబడ్డ రబ్బరు, పళ్లతోటల మీద మొలిచిన అడవి. ఇళ్ల కోసం ఎప్పుడో కేటాయించిన భూమి. వేలమంది సంతకాలు పెట్టారు, పార్లమెంటులో చర్చ జరిగింది. జూలైలో నిర్ణయం చెప్పారు. తూర్పు సగంలో ఇళ్లు కడతారు, పడమటి సగాన్ని ఇప్పటికి ఉంచి, సుమారు దశాబ్దం తర్వాత మళ్లీ చూస్తారు. మన హైదరాబాద్ కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద బుల్‌డోజర్లు దిగి, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేదాకా జరిగినదాన్ని చూసినవాణ్ని కనుక, నరకడానికి ముందు జరిగిన ఆ చర్చ విలువ నాకు తెలుసు.

టెంగా ఇంట్లో, పదో అంతస్తు కిటికీ దగ్గర కూర్చుని చెల్లెలితో ఇదంతా అన్నాను. ఆమె నన్ను పూర్తిగా చెప్పనిచ్చింది.

"ఈ అడవి కొట్టకపోతే మాకీ ఇల్లు లేదన్నయ్యా. అద్దెకొంపల్లో ఎన్నాళ్లు తిరిగామో నీకు తెలుసు. డోవర్ కోసం నేనూ సంతకం పెట్టాను. అప్పటికే ఇక్కడ ఇంటికి డబ్బు కట్టి ఉన్నాం. రెండూ నేనే చేశాను."

ఇందులో ఆమె తప్పు నాకేమీ కనిపించలేదు. 60 లక్షల మంది ఉన్న చిన్న దీవి, పక్కకు జరగడానికి చోటు లేదు. మనకు చోటుంది, దాన్ని వాడుకునే తీరులోనే తొందర ఉంది. ఇల్లూ అడవీ రెండూ కావాలనే మనిషి అబద్ధమాడటం లేదు. ఆ రెండింటి మధ్య ఎంత, ఎక్కడ, ఎవరు చూసి తేల్చారు అన్నది అడగడం ఆపకూడదంతే.

మా మాటలు వింటున్న మేనకోడలు లోపలికెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చింది. క్లెమెంటిలో ఉన్నప్పుడు డోవర్ అడవి అంచున సాయంత్రాలు చూసిన పిట్టల పేర్లు, తేదీలతో సహా. అందులో గడ్డితల పికిలిపిట్ట కూడా ఉంది, పంజరాల వ్యాపారం వల్ల ఆగ్నేయాసియా అంతటా కరువైపోతున్న పిట్ట. పడమటి సగం సంగతి మళ్లీ తేల్చేది 2031 ప్రాంతంలో. అప్పటికి ఆ పిల్లకు 21 నిండుతాయి, ఓటు వస్తుంది. ఈ పుస్తకం అప్పుడు పంపిస్తానంది. ఈలోగా శనివారాలు బస్సెక్కి డోవర్ వెళ్లి రాస్తూనే ఉంటుందట.